గడ్డకట్టిన సముద్రంలో మూడు మునకలు

మైనస్ నలభై డిగ్రీల చలిలో, గడ్డకట్టిన సముద్రానికి గొడ్డలితో కన్నం పెట్టి, అందులో మూడు మునకలు వేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు.

ఈ మాట ఫార్మింగ్టన్ హిల్స్‌లో పదకొండు మందికి చెప్పాను. మిచిగన్ చలికాలంలో బయట నడవలేని మాబోటి రిటైరైనవాళ్ళం, పొద్దున్నే దుకాణాలు తెరవకముందే మాల్‌లో చేరతాం. మూసిన షట్టర్ల ముందు నాలుగు చుట్లు తిరిగి, బెంచీల మీద కూలబడి, ఎవరి గొప్పలు వాళ్ళు చెప్పుకుంటాం. నడక పావుగంట, గొప్పలు గంట. ఆ సభలో నాకు పోటీ లేదు. వరంగల్ నుంచి వచ్చిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు ఒకాయన ఉన్నాడు. నేను నోరు తెరవగానే ఆయన పక్కవాళ్ళతో, "సార్ చెప్పినదాంట్ల ముప్పావు తీసేసి వినుండ్రి" అంటాడు. నిజానికి ఆయన కొంచెం ఉదారంగానే లెక్కేస్తాడు.

మైనస్ నలభై అన్నాను కదా. ఆ అంకె ఊరికే ఎంచుకోలేదు. ఫారెన్‌హీట్ అయినా సెల్సియస్ అయినా ఆ ఒక్కచోట రెండూ ఒకటే, అమెరికా లెక్కవాళ్ళూ ఇండియా లెక్కవాళ్ళూ ఎదురుప్రశ్న వేయలేరు. ఆరోజు చలి మైనస్ పదహారు, మన లెక్కలో. గొడ్డలి లేదు. కన్నం ముందే ఉంది, దానికి చెక్కమెట్లూ చేతికమ్మీ కూడా ఉన్నాయి. మూడు మునకలు మాత్రం నిజం. మునిగిందెవరన్నది కొంచెం ఆగి చెబుతాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు కాలవల నీటిమట్టాలు రాశాను. కాగితం మీద ఒక్క అంగుళం ఎక్కువ రాసిన పాపాన పోలేదు. అక్కడ పెంచకుండా మిగిలిపోయిందంతా నోటితో పెంచుతూ వచ్చాను. మా ఆవిడ అలా కాదు. పప్పులో ఎన్ని మిరపకాయలు వేశావని అడిగితే నాలుగున్నర అని చెప్పే మనిషి.

ఆవిడకొక నియమం ఉంది. మాఘ పౌర్ణమి నాడు సూర్యోదయానికి ముందు సముద్ర స్నానం. మాది బాపట్ల. సూర్యలంక సముద్రం అక్కడికి దగ్గరే. పెళ్ళయిన మొదటి ఏడాది మా అమ్మ ఆవిడను చేయి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళింది. మూడు మునకలు వేయించి, "ఏటేటా రావాలమ్మాయ్, నేనున్నా లేకపోయినా" అంది. "వస్తానత్తయ్యా" అని ఈవిడ మాటిచ్చింది. మా అమ్మ పోయి ఇరవై ఆరేళ్ళయింది. ఈవిడ మాట మాత్రం అట్టాగే ఉంది. కడుపుతో ఉన్న ఏడాది వెళ్ళింది. కాలికి కట్టు ఉన్న ఏడాది ఆ కాలికి పాలిథిన్ సంచి చుట్టుకుని వెళ్ళింది. కరోనా ఏడాది పోలీసులు తీరానికి అడ్డం పెడితే, జాలరిపాలెం వెనకనుంచి దారి కనుక్కుని వెళ్ళింది. మొత్తం నలభై ఒక్కసార్లు. ఇది ఆవిడ లెక్క కాబట్టి మీరు నమ్మొచ్చు.

మా అమ్మ ఇంకొక మాట కూడా నేర్పింది. స్నానమయ్యాక పెదాల మీది ఉప్పు కడుక్కోకూడదు. నాలిక చివర తగిలితే ఆ ఉప్పు తెలుస్తూ ఉండాలి. అది దానంతటదే పోయేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని పెదాలు తడుముకుంటూ వచ్చేది మా ఆవిడ. ఆ మొహం చూస్తే, లోపలెక్కడో తాళం సరిగ్గా పడిన చప్పుడు విన్నట్టుండేది.

ఈసారి మాఘమాసానికి మేం మా అమ్మాయి దగ్గర మిచిగన్‌లో ఉన్నాం. పెద్ద పెద్ద సరస్సులున్న రాష్ట్రం. అవతలి ఒడ్డు కనిపించదు, అలలు కూడా వస్తాయి. "దాంట్లో మునుగు, సముద్రంలాగే ఉంటుంది" అన్నాను. "లాగే ఉంటే సముద్రమవుద్దా?" అంది. ఫ్లోరిడా పోదామంటే పౌర్ణమికి టికెట్లు దొరకలేదు. మనవరాలి స్కూలుకి ఫిబ్రవరిలో వారం సెలవులొచ్చాయి, ఆ వారంలోనే పౌర్ణమి పడింది, కానీ సరిగ్గా అప్పుడే మా అల్లుడికి ఫిన్లాండ్‌లో పని పడింది. అతను కార్ల బ్రేకుల ఇంజనీరు. కొత్త బ్రేకులను ఆ దేశం ఉత్తరాన మంచు మీద టెస్ట్ చేస్తారట.

"మామయ్యా, నేను పైకి పోయి వారం పనిచేస్త. మీరంత హెల్సింకీల ఉండి తిరుగుండ్రి. టూరిస్ట్ వీసాలు ట్రై చేద్దాం" అన్నాడు. అల్లుడిది కరీంనగర్, మనసు మాత్రం బందరు లడ్డు.

మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అక్కడ సముద్రం ఉందా?"

"ఉందా ఏమిటి, ఊరి చుట్టూ మూడు పక్కలా సముద్రమే. నడిచొచ్చి కాళ్ళు కడుగుతుంది" అన్నాను.

పటంలో చూసే చెప్పాను. మూడు పక్కలా నిజం. కాళ్ళు కడగడం నేను కలిపింది. అప్పుడు వీసా ఫారం నింపుతున్నది మా అమ్మాయి. దేనికి వెళ్తున్నారన్నచోట టూరిజం అని టైప్ చేసింది. "స్నానానికని రాయి, అబద్ధమెందుకు" అంది వాళ్ళమ్మ. "అమ్మా, స్నానానికని రాస్తే వీసా రాదు, ఆ ఆప్షనే లేదు" అంది అమ్మాయి.

అట్లా నా మాట మీద ఆధారపడి మా ఆవిడ నలభై రెండో స్నానం ఆ దేశానికి బయల్దేరింది.

హెల్సింకీలో దిగిన మర్నాడు సముద్రం చూడ్డానికి వెళ్ళాం. ట్రామ్ దిగి వీధి మలుపు తిరిగాక నేను ఆగిపోయాను. ఇప్పుడు చెప్పేదాంట్లో ఏమీ కలపడం లేదు, కలపడానికి చోటు కూడా లేదు. సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి మైదానం ఉంది. కనుచూపు మేర. ఆ మైదానం మీద మనుషులు నడుస్తున్నారు. ఒక తల్లి పసిబిడ్డ బండి తోసుకుంటూ పోతోంది. ఇద్దరు ముసలివాళ్ళు పొడవాటి కర్రబద్దల మీద జారుకుంటూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్తున్నారు, మనం ఎదురింటికి వెళ్ళినట్టు. దూరంగా ఒక ఓడ ఆ మంచును చీల్చుకుంటూ వస్తోంది, దాని వెనక నల్లటి నీళ్ళ గీత. ఆ గీత చూస్తేగాని ఇదంతా నీళ్ళే అని నమ్మకం కలగలేదు. నీళ్ళ ఎత్తు కొలుస్తూ బతికినవాణ్ణి నేను. నీళ్ళు పడుకోవడం, మనుషులను మోయడం ఎన్నడూ చూడలేదు. కొలబద్ద ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

మంచు లోపల్నుంచి ఒక చప్పుడొచ్చింది. దూరంగా ఎవరో పెద్ద గంగాళం మీద పిడికిలితో గుద్దినట్టు.

"తాతయ్యా, సముద్రం టమ్మీ రంబ్లింగ్ చేస్తోంది" అంది మనవరాలు. దానికి తొమ్మిదేళ్ళు.

పక్కకి చూస్తే మా ఆవిడ బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?" అంది అమ్మాయి.

"సముద్రంలోకి చెప్పులతో పోతామా ఎక్కడైనా?"

"అది సముద్రం కాదమ్మా, ఐస్. ఫ్రాస్ట్‌బైట్ వస్తుంది, వేళ్ళు తీసేస్తారు."

"ఇందాకే సముద్రమన్నారు మీరంతా. సముద్రమైతే బూట్లతో తొక్కకూడదు. కాకపోతే నేనిక్కడికి రావడమెందుకు?"

ఆ తర్కానికి మా అమ్మాయి ఎంబీయే చదువు చాలలేదు. చివరికి నేనే మధ్యవర్తిత్వం చేశాను. మా ఆవిడ చేతి తొడుగు తీసి, మంచును తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని, క్షమించమని అడిగి, అప్పుడు బూట్లతోనే కాలు పెట్టింది. మొదటి అడుగు వేసి చాలాసేపు అక్కడే నిలబడింది. "నలభై ఏళ్ళుగా ఇది నన్ను తోస్తానే ఉందండీ. ఇయ్యాల ఊరికే నిలబడనిచ్చింది" అంది మెల్లగా.

వాళ్ళు ముగ్గురూ ఒడ్డు దగ్గరే జారుతూ నవ్వుకుంటుంటే నేను లోపలికి నడిచాను. అక్కడొక ముసలాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మంచులో గిన్నె మూతంత కన్నం చేసుకుని, అందులోకి దారం వదిలి ఉన్నాడు. నా వయసువాడే. ఆయనకు నా భాష రాదు, నాకు ఆయనది రాదు, ఇద్దరి ఇంగ్లీషూ ఒకే కొలత. పది నిమిషాలకు ఒక చేప పట్టాడు. నా అరచేయంత ఉంది, ఒంటి మీద చారలు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు.

నేను తాగి, ఊరికే, వేలు ఆ కన్నంలో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు.

ఇంకోసారి ముంచాను. ఉంటే ఉండాలి, లేకపోతే లేదన్నట్టు అతి సన్నగా ఏదో తగిలిందంతే. మా బాపట్ల చేతిపంపు నీళ్ళే ఇంతకంటే ఉప్పగా ఉంటాయి.

ముసలాయన నవ్వాడు. "నో సాల్ట్," అన్నాడు. వేళ్ళతో చిటికెడు చూపించి, "లిటిల్. మెనీ రివర్. స్నో." అన్నాడు. చేపను చూపించి, "లేక్ ఫిష్. హియర్ ఆల్సో," అన్నాడు. సరస్సు చేప సముద్రంలో బతుకుతోందంటే ఆ నీళ్ళ సంగతి నీటిపారుదల శాఖవాడికి వేరే చెప్పాలా?

వెనక్కి నడుస్తుంటే కాళ్ళకింద మంచు ఇంకోసారి గుద్దింది. ఒడ్డున మా ఆవిడ నాకోసం చేయి ఊపుతోంది. రేపే పౌర్ణమి. చెబితే ఆవిడ దిగదు, లెక్క నలభై ఒకటి దగ్గర తెగిపోతుంది. చెప్పకపోతే దిగుతుంది, పెదాల మీద ఉప్పు వెతుక్కుంటుంది. జీవితమంతా లేనివి ఉన్నాయని చెప్పి బతికాను. లేనిదాన్ని లేదని చెప్పడం నాకు అలవాటు లేదు.

"ఏం చూశారు అంతసేపు?" అని అడిగింది.

"ఎవరో చేపలు పడుతున్నాడు. ఒకటి పట్టాడు."

"ఎంతుంది?"

"నా అరచేయంత" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, మనవరాలి స్కార్ఫు సర్దింది.

మర్నాడు పొద్దున ఏడుంపావుకి సముద్రం ఒడ్డున ఒక ఆవిరి స్నానశాలకు వెళ్ళాం. అమ్మాయి ముందే బుక్ చేసింది, మిచిగన్‌లో డాక్టరుగారిని అడిగి మందుల సంగతి కూడా తేల్చుకుంది. ఆ దేశంలో సూర్యోదయం ఎనిమిదికి. బాపట్లలో మూడున్నరకే లేచి ఒణికే మనిషికి ఇది పెద్ద సౌకర్యమే. అక్కడివాళ్ళు చెక్కగదిలో ఒళ్ళు కాచుకుని, బయటికొచ్చి, మంచులో చేసిన కన్నంలో దిగి, మళ్ళీ గదిలోకి పోతారు. వారానికి రెండు మూడుసార్లు, కూరగాయల బజారుకు వెళ్ళినంత మామూలుగా. మనం నియమంగా ఏడాదికొకసారి చేసేదాన్ని వాళ్ళు సరదాకి చేస్తున్నారని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "పుణ్యాత్ములు," అంది.

చీర ఒప్పుకోరన్నారు. కాళ్ళకు చుట్టుకుంటే ప్రమాదమట. అందుకని మోకాళ్ళకిందికి దిగే నల్లటి ఈతబట్టలు, పొడుగు చేతులవి, అమ్మాయి కొనిపెట్టింది. తలకి ఊలుటోపీ, కాళ్ళకి రబ్బరు జోళ్ళు. నుదుట కుంకుమ. అట్లా తయారై గదిలోంచి వస్తున్న మా ఆవిడను చూసి నేను నవ్వబోయి, నవ్వలేదు. అంతరిక్షానికి పోతున్న మనిషిలా ఉంది.

అక్కడ చూసుకునే ఆవిడ ముసలామె. మా అమ్మ పోయేనాటికి ఎంత వయసో అంత ఉంటుంది, కానీ నిటారుగా ఉంది. నడుము దాకా దిగండి, మెడ దాకా దిగండి, తల మాత్రం ముంచొద్దు అని చెప్పింది. మా అమ్మాయి తెలుగులో చెప్పింది. మా ఆవిడ తలూపి, టోపీ తీసి, మూడు వేళ్ళు చూపించి, అరచేత్తో తల మీద నుంచి కిందికి మునకలా చూపించింది. ముసలామె అడ్డంగా తలాడించింది. మా ఆవిడ మళ్ళీ మూడు వేళ్ళు చూపించింది.

"వై త్రీ?" అని అడిగింది ముసలామె.

"హర్ మదర్-ఇన్-లా టోల్డ్ హర్," అంది మా అమ్మాయి.

ముసలామె తన గౌను విప్పి చేతికమ్మీకి తగిలించింది. లోపల ఈతబట్టలు. ముందు తనే మెట్లు దిగి, ఛాతీ దాకా నీళ్ళలో నిలబడి, చేయి చాపింది.

అప్పుడు నా వంతు. స్నానానికి ముందు సంకల్పం చెప్పాలి. ఏ దేశంలో, ఏ నీళ్ళ ఒడ్డున, ఏ మాసంలో, ఏ తిథిన, ఎవరు ఏం చేయబోతున్నారో దేవుడికి విన్నవించుకోవడం. అడ్రసు చెప్పుకోవడమనుకోండి. మా ఇంట్లో అది నా పని, నలభై ఒక్కసార్లూ నేనే చెప్పాను. రెండు కోట్లు వేసుకుని ఆ చెక్కబల్ల మీద నిలబడి మొదలుపెట్టాను. దేశం వచ్చింది, మాసం వచ్చింది, తిథి వచ్చింది, గోత్రం వచ్చింది. సముద్ర స్నానం అనాల్సిన చోట ఆగాను.

మా ఆవిడ రెండో మెట్టు మీద నడుము లోతు నీళ్ళలో ఉంది. తల తిప్పి నన్ను చూసింది. నేను దగ్గి, ఆ మాటను నోట్లోనే చప్పరించి మింగి, "కరిష్యే" మాత్రం గట్టిగా అన్నాను.

మునిగింది.

ముసలామె చేయి గట్టిగా పట్టుకునే ఉంది. నల్లటి నీళ్ళు మా ఆవిడ తల మీద మూతలా మూసుకున్నాయి. లేచేసరికి నోరు తెరుచుకుని ఉంది, ఊపిరి అందలేదు. "బ్రీద్. స్లోలీ," అంది ముసలామె. ఊపిరి వచ్చింది. నాలిక బయటికొచ్చి పెదాలు తడిమింది. ఒకసారి. ఇంకోసారి. నేను చూశాను.

ఆవిడ నావైపు చూడలేదు. ముసలామె చేతిలోంచి తన చేయి విడిపించుకుంది. ముసలామె మళ్ళీ పట్టుకోబోతే వద్దన్నట్టు తలూపింది. ఒక్కతే రెండోసారి మునిగింది. లేచి, జుట్టు వెనక్కి తోసుకుని, పడమటి వైపు తిరిగింది.

అప్పుడు మేమందరం అటే చూశాం. పౌర్ణమి చంద్రుడు ఇంకా అస్తమించలేదు. గడ్డకట్టిన సముద్రానికి ఆ చివర, మంచుకు జానెడెత్తున, లేత పసుపు రంగులో, రాగిచెంబు మూతంత ఉన్నాడు. తూర్పున దీవుల వెనక ఎర్రటి గీత లేచింది. ఒకపక్క దిగుతున్నవాడు, ఒకపక్క ఎక్కుతున్నవాడు, మధ్యలో అంత తెలుపు, ఆ తెలుపులో గదంత నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో మా ఆవిడ. ఆవిడ భుజాల మీంచి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరి మెల్లగా ఎర్రబడింది. జుట్టు చివర్లు అప్పటికే గడ్డకట్టి, తల తిప్పితే చిన్నగా చప్పుడవుతున్నాయి. మనవరాలు నా చేయి పట్టుకుంది.

మూడోసారి మునిగింది. ఆ మునక పొడుగ్గా అనిపించింది. మా అమ్మాయి "అమ్మా" అంటూ ఒక మెట్టు దిగబోయింది. ముసలామె చేయి అడ్డం పెట్టి ఆపింది. అంతలో మా ఆవిడ లేచింది, నవ్వుతూ. ఎవరికోసమో నవ్విన నవ్వు కాదు.

తర్వాత నేను కూడా దిగాను. ఆ సంగతి చివర్లో.

స్నానశాలలోనే నిప్పుగూడు పక్కన కాఫీ తాగే గది ఉంది. మా ఆవిడ మూడు శాలువాలు చుట్టుకుని కూర్చుంది. అమ్మాయీ మనవరాలూ దాల్చినచెక్క రొట్టెలు తేవడానికి లేచారు. ఎదురుగా మంచినీళ్ళ గ్లాసు ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని తాగింది. నలభై ఒక్క ఏళ్ళలో స్నానమైన పది నిమిషాలకు ఆవిడ నీళ్ళు తాగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక మాట చెప్పాలి," అన్నాను.

"ఉప్పు లేదనేగా."

"నిన్ననే తెలుసు నాకు. వేలు ముంచి చూశాను."

"ఏదో దాస్తున్నారని నాకూ నిన్ననే తెలుసు," అంది. "ఆ ముసలాయన పట్టిన చేప ఎంతుందంటే అరచేయంత అన్నారు. పెళ్ళయినకాడ్నించీ మీ నోట చేప మూరకి తగ్గింది లేదు. ఏందో పెద్ద సంగతే అయ్యుంటుందనుకున్నా."

"మరెందుకు దిగావు?"

"ఏం దాచారో తెలీలేదుగా. నోట్లోకి నీళ్ళు పోయాక తెలిసింది."

"మొదటి మునకకేనా?"

"మొదటి మునకకే."

"మరి మిగతా రెండూ?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. చంద్రుడు వెళ్ళిపోయాడు. మంచంతా ఎండ పరుచుకుంది.

"మొదటిది మీ అమ్మగారికి. అది చెల్లలేదు," అంది. "మిగతా రెండూ నాకు."

నేను నాకు వచ్చిన పనే మొదలుపెట్టాను. "బొత్తిగా లేకపోలేదు. చిటికెడుందని ఆ ముసలాయనే అన్నాడు. పటంలో సముద్రమనే ఉంది. ఇది వెళ్ళి వెళ్ళి పెద్ద సముద్రంలోనే కలుస్తుంది, అది మన సముద్రంలో కలుస్తుంది, ఆ లెక్కన చూస్తే..."

"వద్దండీ," అంది. చేయి నా చేతి మీద పెట్టింది. చేయి ఇంకా చల్లగానే ఉంది. "అన్నీ పెంచుకోండి. దీన్ని పెంచొద్దు. నలభై ఒకటి దగ్గర ఆగింది. ఆగనీండి."

మేం తిరిగొచ్చిన వారానికి మా అమ్మాయి ఇంట్లో పాట్‌లక్ జరిగింది. మాల్‌లో నడిచే జంటలన్నీ తలా ఒక గిన్నె పట్టుకుని వచ్చారు. అప్పటికి నేను మైనస్ నలభై, గొడ్డలి, మూడు మునకలు అందరికీ పంచేశాను. ఆవిడ పెంచొద్దన్నది తన స్నానాన్ని, నేను పెంచింది నాదాన్ని అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇది కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పులిహోర వడ్డిస్తున్న మా ఆవిడను మేనేజరుగారి భార్య అడిగింది. "వదినా, గీ యేడు మీ మాఘ స్నానం ఎట్లయింది మరి?"

గదిలో సగంమంది ఆగి విన్నారు. ఆవిడ గరిటె పక్కనపెట్టి చెప్పింది.

"ఆగిపోయిందండీ. అక్కడి నీళ్ళలో ఉప్పు లేదు, లెక్కలోకి రాదు. కానీ మూడు మునకలు వేశాను. చాలా బావుంది."

అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు. పదకొండు మంది మొహాలూ ఒక్కసారి ఆవిడవైపు తిరిగాయి. ఆ మొహాల్లో కనిపించినది నేను నలభై ఏళ్ళ గొప్పలతో ఒక్కసారి కూడా రప్పించలేకపోయాను. మేనేజరుగారి భార్య పులిహోర పళ్ళెం బల్ల మీద పెట్టేసి, మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

మేనేజరుగారు మాత్రం నావైపు తిరిగారు. "సార్, మునిగింది అక్కనా?"

"ఆవిడే," అన్నాను.

"మరి మీరెంతదాక దిగిన్రు?"

"మోకాలి దాకా."

మా ఆవిడ తలెత్తి చూసింది.

"చీలమండ దాకా," అన్నాను. "ఒక్క కాలు."